పీతలమెట్ట దీపం

నాగులరేవులో కామేశం అనే సర్వేయరు ఉండేవాడు. తీరం పొడుగునా ఓడలకు దారిచూపే దీపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం మీద గుర్తించడం అతని ఉద్యోగం, వెళ్ళని చోటికి కూడా వెళ్ళొచ్చానని చెప్పడం అతని అలవాటు.

మనిషి చెడ్డవాడేం కాదు. గీత గీస్తే దారం పట్టి లాగినట్టుండేది. నలుగురిలో కూర్చుని కబుర్లు చెబితే వినబుద్ధయ్యేది. కాకపోతే కాస్త దూరం నడవాలన్నా, కాస్త బురద తొక్కాలన్నా ప్రాణం ఉసూరుమనేది. "నిరుడున్న స్తంభం ఈ ఏడు ఎక్కడికి పోతుందయ్యా? దానికేమైనా కాళ్ళున్నాయా?" అని నవ్వేసేవాడు. ఎదుటివాళ్ళూ నవ్వేవాళ్ళు. భార్య సుభద్ర పురిటికి పుట్టింటికి వెళ్ళి ఆడపిల్లను కన్నదని కబురొస్తే, "పిల్ల అచ్చం నా పోలికే!" అని రేవంతా చెప్పుకు తిరిగాడు. అప్పటికి ఆ పిల్ల ముఖం అతను చూడనేలేదు.

సర్వేయర్ల కార్యాలయంలో పాత ఆనవాయితీ ఒకటి ఉండేది. సర్వేయరు ప్రతి దీపస్తంభం దాకా స్వయంగా వెళ్ళాలి. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టాలి. తడిసున్నంలో అరచెయ్యి ముంచి లోపలి గోడ మీద ముద్ర వెయ్యాలి. ఆ తరువాతే పటం మీద ఎర్రచుక్క పడాలి. స్తంభం నిలబడి ఉంది, దీపం వెలుగుతోంది, దీన్ని నమ్మి రావచ్చు అని ఆ చుక్కకు అర్థం. చెయ్యి పడిందని తెలిస్తేగానీ పెద్ద సర్వేయరు ఉమాపతిగారు చుక్క పెట్టేవారు కాదు.

తీరం కొసన, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట, పీతలమెట్ట అనే ఇసకగుట్ట ఉండేది. దాని మీద ఒక దీపస్తంభం. దానికి కాపలా మనిషి అక్కర్లేదు. పొద్దువాలితే గ్యాసుతో తనంతట తానే వెలిగేది, తెల్లారితే ఆరిపోయేది. ఆ దీపాన్ని కుడిపక్కన ఉంచుకుని వస్తే పడవ లోతునీళ్ళలో భద్రంగా సాగేది. దీపం కనిపించని రోజున మాత్రం ఏ సరంగూ పడవను ముందుకు పోనిచ్చేవాడు కాదు. లంగరు వేసి తెల్లారేదాకా ఆగేవాడు. చుట్టుపక్కల ఊరన్నది లేదు. ఒడ్డు వెంట అక్కడికి చేరాలంటే మడచెట్ల వేళ్ళ మధ్య, మోకాలి లోతు బురదలో పూటంతా నడవాలి.

ఆ ఏడు పెద్ద తుపాను వచ్చి వెళ్ళింది. పటం సరిచూసుకు రమ్మని ఉమాపతిగారు కామేశాన్ని పంపారు. మిగతా స్తంభాలన్నీ బాట పక్కనే ఉన్నాయి గనక బుద్ధిగా చేతిముద్రలు వేసి వచ్చాడు. చివరికి ఉప్పుటేరు గట్టున నిలబడి బురద వంక చూశాడు. బురద అతని వంక చూసింది. దుర్భిణి తీశాడు. దూరాన మసకలో తెల్లగా ఏదో నిలబడినట్టుంది. స్తంభమే కావచ్చు. కొంగలగుంపూ కావచ్చు. ఆ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి పూటంతా బురద తొక్కే రకం కాదు మన కామేశం. గట్టు మీద గుడ్డ పరుచుకుని పెరుగన్నం తిన్నాడు. తమలపాకుకు సున్నం రాసి తాంబూలం వేసుకున్నాడు. ఓ కునుకు తీసి వెనక్కి వచ్చేశాడు.

"పీతలమెట్ట?" అని అడిగారు ఉమాపతిగారు.

"నిక్షేపంలా ఉందండీ."

"చెయ్యి వేశావా?"

"చూడండి, సున్నం ఇంకా గోళ్ళలోంచి వదల్లేదు," అని కామేశం చెయ్యి చాపాడు. గోళ్ళలో ఉన్నది తాంబూలపు సున్నం. ఉమాపతిగారు చూసి, తల పంకించి, పటం మీద ఎర్రచుక్క పెట్టారు.

ఆయన కలం పటాన్ని తాకిన క్షణాన కామేశం అరచేతికి చల్లగా ఏదో తగిలింది. తడిగోడను ముట్టుకున్నట్టనిపించింది. చెయ్యి దులుపుకున్నాడు. చేతిలో ఏమీ లేదు.

అది మొదలు రోజూ దీపాలవేళకు అతని కుడి అరచెయ్యి చెమర్చేది. ఎండపూట కూడా మంచుగడ్డలా ఉండేది. తువ్వాలుతో తుడుచుకుంటే తువ్వాలుకు సున్నం వాసన పట్టేది. వైద్యుడికి చూపిస్తే వాతం అన్నాడు. కామేశానికి ఆ మాట ఎంతో నచ్చింది. వాతమే అయి ఉంటుందని తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు.

కొత్త పటాలు అచ్చయి రేవులన్నిటికీ చేరాయి. తుపానుకు వంతెన తెగి బండ్ల దారి మూతపడింది గనక సుభద్ర బిడ్డను తీసుకుని లాంచీలో రావడానికి సిద్ధమైంది. కామేశమే స్వయంగా లాంచీ సరంగు చేతికి కొత్త పటం ఇచ్చి, "మా ఆవిడా, పిల్లా వస్తారు. జాగ్రత్తగా తీసుకురా," అని చెప్పాడు. సరంగు ఆ పటాన్ని కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టుకున్నాడు.

వాళ్ళు రావలసిన రోజు పొద్దుటినుంచీ ముసురు పట్టింది. ఉమాపతిగారు ఊళ్ళో లేరు. మధ్యాహ్నం కామేశం కార్యాలయంలో ఒంటరిగా కూర్చుని ఉంటే, ఎరకయ్య అనే బెస్త తడిసిన ఒంటితో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"బాబూ, బంగారయ్య సరంగు ఉప్పుపడవ మునిగిపోనాది. నలుగురు మనుసులు. ఒక్కడూ ఒడ్డుకి రానేదు."

"అయ్యో! ఎక్కడ?"

"పీతలమెట్ట కాడ. రాత్రి దీపం సూసుకునే వొచ్చినారు. ఎనకాల తెప్ప మీద నానూ ఉన్నాను. నాకూ దీపం అగుపించినాది. తెల్లారినాక దగ్గిరికి ఎల్లి సూత్తే..." ఎరకయ్య గొంతు తగ్గించాడు. "మెట్టే నేదు బాబూ. తుపానుకి మొత్తం కొట్టుకుపోనాది. ఆ ఇసకంతా పడవలు నడిసే లోతులో మేట ఏసినాది. స్తంభమూ నేదు. ఉత్త నీల్లు. మరి ఆ ఎలుగు ఎక్కడిది?"

"నువ్వు చూసింది వేరే చోటయి ఉంటుంది. నేను వెళ్ళి చూశానుగా," అన్నాడు కామేశం. ఆ మాట అలవాటు కొద్దీ దానంతటది నోట్లోంచి జారింది.

జారిన మరుక్షణం అతని కుడిచేతి వేళ్ళ మధ్య నుంచి తెల్లటి సున్నపునీరు బొట్లుబొట్లుగా బల్ల మీద పడింది. ఎరకయ్య అది చూసి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. కామేశానికి లాంచీ గుర్తొచ్చింది. సరిగ్గా దీపాలవేళకు అది పీతలమెట్ట దాటాలి. గబుక్కున లేచాడు.

"ఎరకయ్యా, తెప్ప తియ్యి! మా సుభద్రా, పిల్లా ఆ లాంచీలో ఉన్నారు!"

"ఈ ముసురులో లాంచీని ఎక్కడని ఎతుకుతాం బాబూ?"

"వెతకొద్దు. అది ఆ దీపం దగ్గరికే వస్తుంది. అక్కడ లాంతరు ఊపి ఆపుదాం. పద!"

తెప్ప కదిలింది. కామేశం తీరంలోనే పుట్టినా ఈత రాదు. రెండు చేతులా దుంగను కరుచుకుని కూర్చున్నాడు. ఉప్పుటేరు ముఖం దగ్గర కెరటం ఒకటి మీదపడి లాంతరు ఆర్పేసింది. అగ్గిపెట్టె ముద్దయింది. వెలుతురు తగ్గుతోంది. అప్పుడు ముసురు లోంచి, నీళ్ళ నడిమధ్య, తెల్లగా స్తంభం కనిపించింది.

అది పాత స్తంభం కంటే ఎత్తుగా ఉంది. అంత వానలోనూ దాని గోడల మీద ఒక్క చుక్క తడి లేదు. కెరటాలు దాని మొదట్లోకి వచ్చి చప్పుడు చెయ్యకుండా ఆగిపోతున్నాయి. కొసన దీపం మెల్లగా వెలిగింది.

ఎరకయ్య తెడ్డు ఎత్తేశాడు. "నాను రాను బాబూ. పొద్దున్న ఇక్కడే తెడ్డు దించి సూసినాను. మనిసి మునిగే లోతు. కట్టడం నేదు, గిట్టడం నేదు."

కామేశం కాలు కిందికి చాపాడు. కాలికి గట్టి మెట్టు తగిలింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. నెట్టాడు.

లోపల వాన చప్పుడు వినిపించలేదు. కొత్త సున్నం వాసన గుప్పుమంది. ఎదురుగా గోడ మీద ఒక అరచేతి ముద్ర. చిటికెనవేలు కాస్త వంకర. చిన్నప్పుడు తలుపు సందులో పడి వంకరపోయిన తన వేలే అది. ముద్ర ఇంకా తడిగానే ఉంది. సున్నం కిందికి కారుతోంది.

పైకి వెళ్ళే మెట్ల మీద నలుగురు మనుషులు మెట్టుకొకరు చొప్పున కూర్చుని ఉన్నారు. వాళ్ళ బట్టల నుంచి ఉప్పునీళ్ళు కారుతున్నాయి. అందరికంటే కింద కూర్చున్న పెద్దాయన మర్యాదగా లేచి నిలబడ్డాడు. అతను బంగారయ్య సరంగు.

"రండి బాబూ. మీ సెయ్యి పోల్చుకున్నాం."

కామేశం తలుపు పట్టుకున్నాడు. "మీరు... మీరు ఇక్కడ..."

"దీపం సూసుకునే వొచ్చినాం బాబూ. పటంలో సుక్క ఉన్నాది గదా. సుక్క ఉన్నాదంటే మీరు సూసినట్టే గదా," అన్నాడు బంగారయ్య. అతని గొంతులో కోపం లేదు. అందుకే కామేశానికి మరింత భయం వేసింది.

బంగారయ్య వెనక్కి తిరిగాడు. "పైకి జరగండ్రా. లాంచీ వొత్తన్నాది. సానామంది వొత్తారు." ముగ్గురూ తలో రెండు మెట్లూ పైకి జరిగారు. తానూ జరుగుతూ అతను వంగి, అన్నిటికంటే కిందిమెట్టును అరచేత్తో శుభ్రంగా తుడిచాడు. "ఇది పసిగుడ్డుకి. పైకి ఎక్కనేదు గదా బాబూ."

దూరాన లాంచీ కూత వినిపించింది.

కామేశం గోడ మీదకు ఉరికాడు. పంచె చెంగుతో ఆ ముద్రను తుడిచాడు. తుడిచినకొద్దీ అది ఇంకా తెల్లబడింది. గోళ్ళతో గీకాడు. గోళ్ళు నొప్పెట్టాయి గానీ ముద్ర చెదరలేదు. పైకెక్కి దీపాన్ని ఆర్పుదామంటే మెట్ల మీద వాళ్ళు. వాళ్ళను దాటి అడుగు వెయ్యడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"ఇది నా చెయ్యి కాదు! నాకేం తెలియదు!" అని అరిచాడు.

పైన దీపం భగ్గుమంది. గోడలన్నీ పట్టపగల్లా వెలిగాయి.

"ఎలుగు పెరిగినాది. మా తండ్రే!" అన్నాడు బంగారయ్య సంతోషంగా.

అప్పుడు కామేశానికి అర్థమైంది. ఈ స్తంభం ఇటుకలతో కట్టింది కాదు, తన మాటతో కట్టింది. దీపానికి చమురు కూడా తన మాటే. లాంచీ ఇంజను చప్పుడు దగ్గరవుతోంది.

"నేను రాలేదు," అన్నాడు మెల్లగా.

దీపం రెపరెపలాడింది. అతని కాలికింద నేల మెత్తబడి, పాదాలకు నీళ్ళు తగిలాయి. ఈ స్తంభం పోతే కింద ఉన్నది మనిషి మునిగే లోతు. నిజం చెబితే తనకు నిలువనీడ లేదు. నోరు మూసుకుంటే తను భద్రంగా ఉంటాడు, లాంచీ వచ్చి మేట మీద పడుతుంది. కామేశం తుడిచిపెట్టి ఉన్న కిందిమెట్టు వంక చూశాడు. అది చాలా చిన్నగా ఉంది. ఇంకా ముఖమైనా చూడని కూతురు జ్ఞాపకం వచ్చి ఏడుపు తన్నుకొచ్చింది.

"నేను పీతలమెట్టకు రాలేదు!" అని గొంతెత్తి అరిచాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు వచ్చాయి. "గట్టున కూర్చుని పెరుగన్నం తిన్నాను! గోళ్ళలోది తాంబూలపు సున్నం! స్తంభం ఉందో లేదో నాకు తెలియదు. తెలియకుండానే ఉందని చెప్పాను. బంగారయ్యా, మిమ్మల్ని చంపింది నేనే!"

గోడలు పొగమంచులా పలచబడ్డాయి. మెట్ల మీది మనుషులు ఒక్కొక్కరే కనిపించకుండా పోయారు. చివరికి బంగారయ్య ఒక్కడే మిగిలాడు. అతను తలపాగా తీసి పిండుకుంటూ కామేశం ముఖంలోకి చూశాడు.

"అంతేనా బాబూ. ఆ మాటేదో అప్పుడే సెప్పుంటే బాగుండును," అన్నాడు.

దీపం ఆరిపోయింది. స్తంభం లేదు, మెట్లు లేవు. కామేశం నిలువునా నీళ్ళలో మునిగిపోయాడు. ఎరకయ్య చాపిన తెడ్డు చేతికి తగలబట్టి గానీ, లేకపోతే ఈ కథ ఇక్కడితో సరి. తెప్ప మీద పడి నీళ్ళు కక్కుకుంటుండగా చీకట్లో లాంచీ ఇంజను ఆగిన చప్పుడు వినిపించింది. ఆ వెనకే లంగరు గొలుసు గడగడమని దిగింది. అంతకంటే ఇంపైన చప్పుడు కామేశం తన జన్మలో వినలేదు.

తెల్లవారి ముసురు విడిచాక చూస్తే, లాంచీ ముక్కుకు ఎదురుగా, కేకవేస్తే వినపడేంత దూరంలో, ఇసకమేట మీద కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. "ఉన్నట్టుండి దీపం ఆరిపోయిందండి. దీపం లేకుండా ముందుకెలా పోనిస్తాను? ఆపేశాను," అన్నాడు లాంచీ సరంగు. సుభద్ర బిడ్డను భర్త చేతుల్లో పెట్టి, "ఎవరి పోలికో చెప్పండి చూద్దాం," అని నవ్వింది. కామేశం బిడ్డ ముఖంలోకి చాలాసేపు చూశాడు. నుదురు చూశాడు, ముక్కు చూశాడు, చెవులు చూశాడు.

"మీ అమ్మ పోలిక," అన్నాడు బిడ్డతో. అతని కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి.

ఉమాపతిగారు తిరిగి రాగానే కామేశం వెళ్ళి జరిగిందంతా చెప్పేశాడు. స్తంభం సంగతి ఆయన నమ్మారో లేదో తెలియదు గానీ, ఎంత కడిగినా తెల్లదనం వదలని ఆ కుడి అరచేతిని మాత్రం అటూ ఇటూ తిప్పి చూశారు. "నేను నీ గోళ్ళలో సున్నం చూశాను గానీ గోడ చూడలేదు. చుక్క పెట్టిన చెయ్యి నాది," అన్నారు. ఆ పూటే ఎర్రచుక్కను గీకేసి రేవులన్నిటికీ కబురు పంపారు. కామేశాన్ని సర్వే పని నుంచి తప్పించారు. కామేశం కాదనలేదు.

తరువాత అతను బంగారయ్య ఇంటికి వెళ్ళాడు. బంగారయ్య భార్య నూకాలు వాకిట్లో చింపిరి వలను ముందేసుకుని కూర్చుని ఉంది. ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పు నాదేనని చెప్పాడు. ఆమె వలలోంచి తల ఎత్తలేదు.

"తాగి పడవ నడిపినాడన్నారు బాబూ. ఊరూరంతా అదే మాట. ఆడు సుక్క ముట్టడని నానొక్కర్తినే అరిసినాను," అంది. వలలో ముడి ఒకటి బిగించి, "నాకు సెప్పినారు గదా. ఇప్పుడు ఈదిలోకెల్లి అందరికీ సెప్పండి. సెప్పినాక మా గుమ్మంలోకి రాకండి," అంది.

కామేశం వీధివీధికీ వెళ్ళి చెప్పాడు. కొందరు తిట్టారు, ఒకడు కొట్టాడు. అన్నీ పడ్డాడు.

మరుసటి ఏడు ఒడ్డుకు వెనగ్గా, గట్టినేల మీద కొత్త స్తంభం కట్టారు. సర్వేయర్ల వెంట సున్నపుకుండ మోసే పని కామేశం అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఏటేటా ఆ బురదంతా తొక్కుకుంటూ అక్కడికి వెళ్ళేవాడు. ఎంత ఎండాకాలమైనా, ఆ కొత్త స్తంభం లోపల పైన నాలుగు మెట్లు తడిగా ఉండేవి. ముట్టుకుని నాలుక మీద పెట్టుకుంటే ఉప్పగా ఉండేది. కిందిమెట్టు మాత్రం ఎప్పుడూ పొడిగా ఉండేది. కామేశం దాని ముందు నిలబడి దణ్ణం పెట్టుకుని, సర్వేయరుతో, "బాబూ, చెయ్యి గోడకు ఆనించే వెయ్యండి. నేను చూస్తాను," అనేవాడు.

మనం చెప్పిన మాటను నమ్ముకుని మనకు తెలియని వాళ్ళెవరో చీకట్లో దారి నడుస్తుంటారు. అందుకే కళ్ళారా చూడనిదాన్ని చూశానని ఎన్నడూ చెప్పకూడదు.